పై గేటు దగ్గర

మా ఇంట్లో సిగ్నల్ రాదు.
లోయ అడుగున ఇల్లు, మూడు వైపులా కొండ.
ఫోను పలకాలంటే పై పొలం గేటు దాకా ఎక్కాలి,
ఎడమ చేత్తో ఇనుపకమ్మీ పట్టుకుని
మొహం పడమటికి తిప్పి నిలబడాలి.
పన్నెండు రోజులుగా
నా సాయంత్రపు ప్రార్థన అదే.

బడి నుంచి పద్నాలుగు మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు.
లెసోతో.
అట్లాసులో వెతికితే
ఇంకో దేశం కడుపు మీద గుండీ అంత ఉంది.
రెండేళ్లు కేకులమ్మారు, కార్లు కడిగారు,
చాపెల్ మెట్ల మీద పాడి టోపీ పట్టారు.
మా మాబ్లి తను పాలుపట్టి పెంచిన రెండు పొట్టేళ్ళను
బాలా సంతలో అమ్మేసి
వెనక్కి చూడకుండా వచ్చి ట్రక్కెక్కింది.

నేనేమో ఎండకి రాసుకునే క్రీము కొన్నాను, రెండు సీసాలు.
ఆఫ్రికా కదా అని.
మూడో రోజు మొదటి ఫొటో:
మంచు.
గడ్డిపైకప్పుల మీద మంచు, గుర్రాల జూలు మీద మంచు,
దుప్పట్లు కప్పుకుని నిలబడ్డ మనుషులు.
గ్వెన్నో కళ్ళల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.
"జూన్‌లో అక్కడ చలికాలమని
నీ కూతురు ఎన్నిసార్లు చెప్పింది?"
చెప్పే ఉంటుంది.
నేను అప్పుడు గొర్రెలకు మందు తాగిస్తూ ఉండుంటాను.

గడియారంలో మాకూ వాళ్లకూ తేడా ఒక్క గంట.
అదీ తెలీదు నాకు.
అంత దూరం ఒక్క గంటలో ఎలా పట్టిందో.
కాకపోతే అక్కడ ఐదున్నరకే చీకటి,
ఇక్కడ పది కొట్టినా కొండ మీద వెలుగు పోదు.

బడి ఆఫీసులో మిసెస్ ప్రొథెరో రోజుకో కబురు పంపుతుంది,
"అందరూ క్షేమం" అని మొదలుపెట్టి.
మనం పంపిన మూడు పెట్టెల పెన్సిళ్ళు ఇచ్చారట;
కత్తెరలకు సానపట్టే రాయి తెచ్చారా అని
అక్కడొక ముసలాయన అడిగాడట.
ఫొటోల్లో అందరూ ఉన్నారు.
మా పిల్ల లేదు.
ఐదు రోజులు, ఇరవై మూడు ఫొటోలు.
గ్వెన్నో కళ్ళద్దాలు తుడిచి తుడిచి చూసింది.
జ్వరమేమో, ఎవరితోనో పోట్లాడి మూల కూర్చుందేమో,
"అందరూ" అనే మాటలో
ఎంతమంది పడతారో ఎవరికి తెలుసు?

ఎనిమిదో రోజు
గొర్రె కాలొకటి వచ్చింది.
కొండల్లేవు, ఆకాశం లేదు, చేతులూపే పిల్లల్లేరు.
పైకి మడిచిన ముందుకాలు,
గిట్ట సందున పాకిన పుండు,
దాన్ని విడదీసి చూపిస్తున్న కుర్రాడి బొటనవేలు.
అప్పుడు తెలిసింది
కెమెరా ఎవరి చేతిలో ఉందో.

గేటుకి ఆనుకుని మళ్ళీ మొదటి నుంచీ చూశాను.
ప్రతి ఫొటోలో నేల కాస్త కుడివైపు ఒరిగింది.
టీచరు మెట్ల మీద నిలబడి నవ్వుతున్నా
మధ్యలో ఉన్నది తెగిన కంచె తీగె.
ఇరవై మూడింటిలోనూ ఉంది మా పిల్ల.

నిన్న తనే రాసింది, నాలుగు ముక్కలు.
మొలేఫి అని ఒక కాపరి, పదమూడేళ్ళు,
పగలు మంద వెంట, రాత్రి బడిలో.
మీ నాన్నకు ఎన్ని గొర్రెలని అడిగాడట.
నాలుగు వందల పన్నెండు అందట.
"నువ్విక్కడ ఉన్నావుగా, మరి లెక్క ఎవరు చూస్తున్నారు?"

ఆ మాట ఇక్కడ ఎవరూ అడగలేదు నన్ను.
ప్రయాణం బాగుందటగా, అనే అన్నారు.

ఈ సాయంత్రం కుక్కను తోలి
మందంతా గేటులోంచి ఒక్కొక్కటిగా దాటించాను,
ఇరవైకొక వేలు మడుస్తూ, మా తాత పద్ధతిలో.
నాలుగు వందల పదకొండు.
మళ్ళీ.
నాలుగు వందల పదమూడు.
చినుకులు మొదలయ్యాయి.
ఫోను చొక్కాకి తుడిచి రాశాను:
"అతనికి చెప్పు, నేనే చూస్తున్నాను.
సరిగ్గా రావడం లేదు."

పంపాక కూడా కాసేపు అక్కడే ఉన్నాను.
కుక్క నా వైపే చూస్తోంది,
ఇంకా తోలాల్సింది ఏదైనా మిగిలిందా అన్నట్టు.