కొలత

సాల్మియాలో కుట్టుకొట్టు వెనకగది,
అబాయాల గుట్ట చాటున
పంపు పెట్టుకుంటే ప్రాణం పోయేది.
ఇరవై నాలుగు నంబరు గరాటా, డబ్బాతోపాటు వచ్చిందే.
అరగంట గుంజినా
సీసా అడుగు తడిసేది, అంతే.
"నీకు పాలే తక్కువ" అంది ఫోన్లో అత్త. నమ్మాను.

ఫార్మసీలో లిస్సీ
కర్టెన్ లాగి, చనుమొనకి స్కేలు ఆనించి నవ్వింది:
"పదిహేడు. దర్జీవి కదా, నువ్వే చూసుకోలేదా?"

నిజమే.
ఊరందరి భుజాలూ నడుములూ కొలిచిన టేపు
ఏడేళ్లుగా నా మెడలోనే వేలాడుతోంది.

రెండు దీనార్ల చిన్న గరాటా
కాజాలో గుండీలా కూర్చుంది.
నొప్పి లేదు. మోటారు చప్పుడు, దాని మీద
చినుకుల చప్పుడు.

అర్జెంటు జాకెట్టని ముందుగదిలోంచి కేక.
"ఆగమ్మా" అన్నాను,
సీసా వైపే చూస్తూ.