కాలందని బండి

సోమాజిగూడ షోరూంల పిలగాడు
లెక్కలన్నీ ఒక్క గుక్కల చెప్పిండు:
సీసీలు, హార్స్‌పవర్, టార్కు,
ముంగటి చక్రం ఇరవై ఒకటి, ఎన్కది పద్దెనిమిది.
"మీకా మేడం, సార్‌కా?" అని మాత్రం
జర ఆగి అడిగిండు.

నాకే అన్న. ఎక్కిన.
రెండు కాళ్లు గాల్లనే ఉన్నయి,
చిన్నప్పుడు పండ్ల డాక్టరు కుర్చీల కూసున్నట్టు.
పిలగాడు నవ్వలే. మంచోడు.
స్కూటర్లు అటుపక్క అని చాపబోయిన చెయ్యిని
మెల్లగ జేబుల పెట్టుకుండు.

నా పని నీళ్లు వెతుకుడు.
భూగర్భజలాల ఆఫీసుల పదహారేండ్లు.
జీపు ఆగిపోయిన కాడ నా దారి మొదలైతది:
ఎండిన వాగు, ఇసుక, తుమ్మముండ్లు,
ఏ బోరుల నీళ్లు ఎన్ని మీటర్లు దిగినయో రాసుకునే నోటుబుక్కు.
రోడ్డు బండి ఆడికి రాదు.
వట్టి మట్టిబండి కొంటే
తార్నాక నుంచి షాద్‌నగర్ దాకా పండ్లు కొరుక్కుంట పోవాలె.
అటు హైవేకు బిడ్డ, ఇటు వాగుకు కోడలు,
అసోంటిది కావాలె నాకు.

మూడు నెలలు తిరిగిన.
ఒకటి బర్రె. ఒరిగిందంటే లేపనీకి వాడంత రావాలె.
ఒకటి మరీ సుకుమారం,
బురద చూస్తే కుచ్చిళ్లు ఎత్తుకునే రకం.
ఆఖరుకు నాచారంల దొరికింది,
ఏడేండ్ల పాతది, ట్యాంకు కుడిదిక్కు సొట్ట.
అమ్మినాయన ఇగ్నేషియస్, రైల్వేల రిటైరు.
తాళంచెవి ఇచ్చుకుంట సొట్టను బొటనవేలితోని తడిమి
"ఇదొక్కటి బాగు చేయించకమ్మా" అన్నడు.
ఎందుకో చెప్పలే. నేనూ అడగలే.

పుత్లీబౌలిల సీట్లు కుట్టే ఖలీలుద్దీన్
కత్తితోని నురుగు చెక్కుతుంటే
కొబ్బరికోరు లెక్క రాలింది కాళ్ల కాడ.
"అంగుళంన్నర తీసిన బాజీ.
ఇంక తీస్తే ఇనుము మీద కూసుంటరు."
మరి సస్పెన్షన్ దించమన్న.
సూది ఆపి చూసిండు.
"మీ కాళ్లు అందనీకి దాని మోకాళ్లు ఇరగ్గొట్టమంటరా?
ఒక్క కాలు పెట్టుండ్రి. పక్కకు జరిగి,
ఎడమది కింద, కుడిది బ్రేకు మీద.
గోడెక్కినోళ్లు దిగుతలేరా?"

బాలానగర్ లేత్ కాడ
హ్యాండిలు కింద రెండు దిమ్మలు తిప్పించిన,
ఇంజన్ పొట్టకు అల్యూమినియం పళ్లెం కట్టించిన.
ముంగటి స్ప్రాకెట్‌కు ఒక పన్ను తగ్గించిన,
ఉరుకుడు తక్కువైనా పర్వాలే, ఎక్కుడు రావాలె.
బేగంబజార్ల తాళ్లు, రాణిగంజ్‌ల నట్లు.
బిల్లులు కలుపుడు మధ్యల ఆపేసిన,
కొన్ని లెక్కలు తెల్వకుంటనే మంచిది.

సైలెన్సర్ మార్చమన్నరు అందరు,
ఉరుముతది అక్కా అన్నరు. వద్దన్న.
బోరుల దించిన టేపు నీళ్లకు తాకితే
ఒక చిన్న కూత వస్తది.
దాన్ని వినుడే నా నౌకరి.

ఐతారం, తెల్లారకముందే, కీసర ఎన్క క్వారీ దారి.
గుండ్ల మధ్య ఏటవాలు. ఆగిన.
ఎడమ కాలు పెట్టిన. ఎడమదిక్కు నేలనే లేదు.
బండి పడలే, ఒరిగింది, మెల్లగ,
నిద్రొచ్చిన పిల్ల లెక్క,
నన్ను మర్యాదగ పక్కన పెట్టి.

నిలబడ్డప్పటి బరువు కాయితంల ఉంటది,
పండుకున్నప్పటి బరువు ఏ షోరూంల చెప్తరు?
బండికి వీపు ఆనించి, గుంజి, జారి,
మళ్ల కూసొని, నీళ్లు తాగి,
మూడోసారికి లేపిన.
చేతులు వణికితే వణకనిచ్చిన.
కుడిదిక్కు ఆయన సొట్ట,
ఎడమదిక్కు ఇప్పుడు నాది.

ఫోటో తీసి పంపిన.
పొద్దున్నే ఏమనుకుంటడో అనుకునేలోపే
ఇగ్నేషియస్ జవాబు, ఒక్కటే మాట:
"ఎక్కడ?"

బోరు వివరాలు రాసినట్టే రాసిన:
కీసర. ఎర్ర మొరం.
లోతు మూడు మిల్లీమీటర్లు.