అభ్యంతరం గడి

గరివిడి దాటాక, మెరకముడిదాం వెళ్ళే దారిలో
మూసేసిన మాంగనీసు గని వెనకాల
రోహిణి ఎండల్లోనూ ఆరని
రెండు మంచాలంత నేల ఉంది.

నీళ్ళు అనలేం. చెమ్మ.
రాతి పగుల్లోంచి నల్లగా, నూనె తెట్టు మెరుపుతో
కారుతోందో, కారాలా వద్దా అని ఆలోచిస్తోందో తెలీదు.
గడ్డి దాని అంచుదాకా వచ్చి ఆగిపోయింది.
సర్కారు తుమ్మ మొలవని చోటు
ఈ జిల్లాలో నేను మరొకటి చూళ్ళేదు.

అక్కడుంది అది.
మోకాలెత్తు. బూడిద రంగు ఆకు, చుట్టూ ముళ్ళు,
నెత్తిన ఊదా రంగు కుచ్చు:
పిలవని పెళ్ళికి
పాగా చుట్టుకుని వచ్చిన ముసలాయనలా.

నేను సర్వే గొలుసు లాగేవాణ్ణి.
లీజు మళ్ళీ ఇస్తారట, కొలవమన్నారు.
కాగితంలో గళ్ళు: చెట్లు, పంటలు, నీటి వనరు, అభ్యంతరం.
"లేవు, లేవు, లేదు, లేదు. రాసీ" అన్నారు సారు
జీపు దిగకుండానే.

"ఊటముల్లు బావూ" అంది మేకల తవిటమ్మ.
"మేక మూతెట్టదు. ఏడేల్లు ఆకునాగే పడుంటాది,
ఎనిమిదో ఏడు పువ్వెత్తుతాది, సచ్చిపోతాది."
గొంతులో జాలి లేదు,
నూకల ధర చెప్పినట్టు చెప్పింది.
ఇంకెక్కడైనా ఉందా అంటే
"నానెల్లిన కాడల్లా నేదు."
ఆమె వెళ్ళిన చోటంటే
నాలుగు మండలాలు, అరవై ఏళ్ళు, రెండు కాళ్ళు.

లెక్కపెట్టాను. ఇరవై మూడు.
మళ్ళీ పెడితే ఇరవై నాలుగు.
మూడోసారి వంగినప్పుడు
హవాయి చెప్పులోంచి మడమలోకి దిగింది ముల్లు.
తవిటమ్మ పిన్నీసు పెట్టి లాగింది. సగమే వచ్చింది.

చెట్టా అంటే చెట్టు కాదు.
పంటా అంటే ఎవరూ చల్లలేదు.
నీటి వనరా, బిందె నిండడానికి రెండ్రోజులు.
ఏ గడిలో కూర్చోబెట్టాలి దీన్ని?
జీపు హారన్ కొడుతోంది.

చివరి గడిలో 'ల' రాశాను.
ఏత్వం పెట్టబోతే కాలు సలిపింది.
అక్కడే వదిలేసి కాగితం మడిచి ఇచ్చాను.
ఆఫీసులో ఎవరో పూర్తి చేసే ఉంటారు,
ఒక 'ల'కి ఎంతసేపు.

మొన్న సంతలో తవిటమ్మ కనబడింది.
చింతపండు బేరమాడుతూనే నా నడక చూసి
"ముల్లు తీయించుకోనేదేటి?" అంది.
లేదు అన్నాను.

ఊట సంగతి
ఆమె ఎత్తలేదు, నేను అడగలేదు.