నిలువు షాఫ్టు

కనెక్టింగ్ రాడ్డు విరిగి
ఇంజను పక్కన చీల్చుకుని బయటికొచ్చిన రోజు
గోల్‌పోస్టు దగ్గర
సగం కోసిన బాట అలాగే ఆగిపోయింది.
బొక్కలో వేలు పెట్టి చూశాను.
రెండు కణుపులు దిగింది.
ఇంకా వేడిగానే ఉంది.

"కండెం చేసేద్దాం ఏసుపాదం"
అన్నారు స్టోర్సు ఫణిభూషణం గారు.
కొత్త ఇంజను కొటేషను చూసి
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.
అంకె మారలేదు.
ఫైలు పైకెళ్ళింది.
ఈలోగా గుంటూర్లో రెండు వానలు పడ్డాయి.
గడ్డికి ఫైళ్ళ సంగతేం తెలుసు.

ఇదే గ్రౌండులో మా అయ్య కొడవలితో కోశాడు.
ఆయనా కూచునే కోశాడు,
మడమల మీద.
నాకు సీటుంది.
పదకొండేళ్ళుగా నాకూ ఆయనకీ తేడా
ఆ చిరిగిన సీటే.
దాన్ని కండెం అంటే
ఎక్కడో కలుక్కుమంది.

టాటా ఏస్‌లో తాళ్ళేసి బిగించి
వారధి దాటించి
బెజవాడ ఆటోనగర్లో దించాను,
నాగుల్ మీరా షెడ్డు ముందు.
అతను నేలమీద పడుకుని కిందనించి చూశాడు.
"దీని షాఫ్టు కిందకి చూస్తందేంది?"

మన దగ్గర దొరికేవన్నీ అడ్డ ఇంజన్లు.
పంపుసెట్టూ, టిల్లరూ, అన్నీ పక్కకే తిప్పుతాయి.
ఇదొక్కటే
నూతిలోకి తొంగిచూసే పిల్లాడిలా
నేలకేసి.

మూడు రోజులు మీరా ఏమీ చెయ్యలేదు.
టీ తాగాడు.
ఎవరిదో లారీ గేరుబాక్సు దించాడు, ఎక్కించాడు.
నేను రోజూ బస్సులో వచ్చి
స్టూలు మీద కూచుని
పోయాను.

నాలుగో రోజు మధ్యాన్నం
చేతులు కడుక్కుని తుండు పిండుతూ
పిండుతూ
ఆగిపోయాడు.

"మా నాయన తెనాలి రైసుమిల్లులో బెల్టు మనిషి.
పైన షాఫ్టు అడ్డం, కింద రోలరు నిలువు.
మధ్యలో బెల్టు ఇట్టా మెలి తిరిగేది.
ఆ బెల్టే ఆయన కుడిచెయ్యి తీసుకుపోయింది.
అయినా మెలి ఎట్టా పడాలో
మంచంలో పడుకుని గాల్లో గీసి చూపిచ్చేవోడు."

పాతసామాన్ల కొట్లో ఇంజను దొరికింది.
అయిదు గుర్రాల డీజిలు.
ఒళ్ళంతా ఎండిన సిమెంటు.
శ్లాబుల మిల్లరు తిప్పిందట, తుళ్ళూరు వైపు.
ఏ చేలో పోశారో
నేనడగలేదు.
ఉలి పెట్టి కొడుతుంటే
పెచ్చులు పెచ్చులుగా రాలింది.

బోల్టుల బెజ్జాలు ఒక్కటీ కలవలేదు.
బరువుకి చాసిస్ కుంగితే చానల్ ముక్కలు అతికాడు.
లేతు మీద రెండు పుల్లీలు చేయించాడు.
బెల్టు మెలేసి ఎక్కించి
హ్యాండిలు తిప్పాడు.
నల్లటి పొగ కక్కి
అందుకుంది.

షెడ్డు వెనక ఖాళీ స్థలంలో తోలి చూశాను.
గడ్డి తెగలేదు.
పడుకుని
మళ్ళీ లేచింది.
బ్లేడు ఎదురు తిరుగుతోంది!

మీరా బెల్టుని చూశాడు.
తన చేతుల్ని చూసుకున్నాడు.
గాల్లో ఓసారి గీశాడు, ఎడంచేత్తో.
ఇంకోసారి, కుడిచేత్తో.
చాలాసేపటికి అన్నాడు:
"నాయనకి మిగిలింది ఎడం చెయ్యేగా అన్నా.
నేను అద్దంలో నేర్చుకున్నా."

బెల్టు విప్పి
రెండోవైపు మెలి వేశాడు.
ఈసారి పచ్చివాసన వచ్చింది.
డబ్బుల దగ్గర ఇద్దరం గట్టిగానే పోట్లాడుకున్నాం,
అది వేరే సంగతి.

మర్నాడు పొద్దున్నే
ఆగిపోయిన బాట చివర నిలబెట్టి
హ్యాండిలు తిప్పాను.
సీటు పళ్ళు కదిలేలా ఊగింది.
గేటు దగ్గర్నించి
వాచ్‌మన్ కోటిలింగం పరిగెత్తుకొచ్చాడు:
"పొద్దున్నే శ్లాబ్ ఎవరు పోస్తన్నారన్నా?"

వినపడనట్టు
గేరేశాను.