ఎర్ర మోటారుకు యతి

ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు.
ఆరు సిలిండర్లూ నిప్పందుకునే వరస ఇదీ అని
మెర్వ్ ట్రెగెన్జా షెడ్డు తలుపు మీద సుద్దతో రాశాడు.
ఒకటి రెండు మూడని తిన్నగా రాకూడదా అంటే
"వస్తే క్రాంకు మెలిపడి విరుగుతుంది" అన్నాడు.
చప్పున తలకెక్కింది.
కావలి హైస్కూల్లో పదకొండేళ్లు ఛందస్సు చెప్పినదాన్ని,
గణాలు ఎక్కడ పడితే అక్కడ పడవని తెలుసు.

ఇప్పుడు బెండిగోలో స్కూలు బస్సు నడుపుతాను.
పొద్దున పిల్లల్ని దింపి
మూడింటికి మళ్లీ ఎక్కించుకునే దాకా ఖాళీ.
ఆ ఖాళీలోకి వచ్చి చేరింది
అరవై నాలుగు నాటి ఈ హోల్డెన్,
మీగడ రంగు ఒళ్లు, ఎర్ర రంగు ఇంజను,
వెనక సీట్లో ఎవరిదో కుక్క వాసన.

బిగ్ హిల్ ఎక్కుతుంటే
గొర్రెల ట్రక్కు కూడా హారన్ కొట్టి దాటిపోయేది.
పెట్రోలు మాత్రం బిందెలతో తాగేది.
గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదు.

నేనో జాబితా రాసుకుని వెళ్లాను:
జంట కార్బురేటర్లు, కొత్త క్యామ్‌షాఫ్టు,
పొడవు గొట్టాల ఎగ్జాస్టు.
మెర్వ్ దాన్ని నాలుగు మడతలు పెట్టి
కుంటి బల్ల కాలి కింద దోపాడు.
బల్ల కుదురుగా నిలబడింది.
తర్వాత ప్లగ్గులు విప్పి, గేజీ బిగించి
స్టార్టరు తిప్పమన్నాడు.

నూట యాభై.
నూట నలభై ఎనిమిది.
నూట యాభై రెండు.
నూట యాభై.
తొంభై ఐదు.
ఆరోది చూడకముందే నాలుక చప్పరించాడు.

పల్లకీ బోయీల్లో ఒకడు
భుజం ఆనించి ఊరికే నడుస్తున్నాడన్నమాట,
ఎన్నేళ్లుగానో.
"కొత్తది అడిగేముందు
పోయింది తిరిగిచ్చెయ్" అన్నాడు మెర్వ్,
ఇంజను గురించే అనుకుంటాను.

జులై చలి. షెడ్డులో రేకు మీద మంచు.
తల ఊడదీసి, కాలిన వాల్వు మార్చి,
పీట మీద గరుకు ముద్ద రాసి
రెండు అరచేతుల మధ్య కర్ర తిప్పడం నా వంతు.
కవ్వం తిప్పిన చేతులకి
ఎవరూ నేర్పక్కర్లేదు.
వెన్న రాదు గాని
సన్నగా, బూడిద రంగులో, ఎక్కడా తెగని ఉంగరం వచ్చింది.
తలని అంగుళంలో ముప్పై వెయ్యోవంతులు చెక్కించాం.
అప్పుడు మెర్వ్ వంగి
బల్ల కింద నుంచి నా జాబితా బయటికి లాగాడు.
బల్ల మళ్లీ కుంటింది.

జంట కార్బురేటర్లు సమంగా ఊపిరి పీల్చాలి.
రబ్బరు గొట్టం ఒక కొన వాటి నోటి దగ్గర,
రెండో కొన చెవిలో.
గొట్టం నా చేతికిచ్చాడు.
నలభై ఏళ్ల గాలి సుత్తులు అతని చెవుల్ని
ఎప్పుడో తీసేసుకున్నాయి.
ముందుది "శ్‌శ్" అంటోంది, వెనకది "స్‌స్".
శకారానికీ సకారానికీ యతి చెల్లుతుంది, పద్యంలో.
ఇక్కడ చెల్లదు.
పావు చుట్టు మర, మళ్లీ అందులో సగం,
రెండూ ఒకే అక్షరం పలికే దాకా.

యాభై సెంట్ల బిళ్ల పన్నెండు మూలలది,
దాన్ని నిలబెట్టడం మోసమని
పాత రాగి పెన్నీ తీశాడు జేబులోంచి.
నడుస్తున్న ఇంజను నెత్తిన అంచు మీద నిలబెట్టాడు.
నిలిచింది.
రాణి బొమ్మ కాస్త వణికింది, అంతే.

ఎన్ని గుర్రాలు పెరిగాయో
మేం కొలిపించలేదు.
బిగ్ హిల్ మాత్రం టాప్ గేరులోనే ఎక్కాం,
పక్క సీట్లో మెర్వ్, డాష్‌బోర్డు మీద అరచెయ్యి.
"ఐదోది పలుకుతోందా?"
అవునని అరిచాను. వినపడలేదు.
ఎడం చెయ్యి స్టీరింగు మీంచి తీసి
అతని మోకాలి మీద దరువేశాను,
ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు,
ఐదు దగ్గర కాస్త గట్టిగా.

కళ్లు మూసుకుని విన్నాడు, మోకాలితో.
"ఆలస్యం" అన్నాడు.
"రెండు డిగ్రీలు ముందుకి జరపాలి."