గిన్నె కాదు

ఇరవై రెండేళ్లుగా ఆరో తరగతి బోర్డు మీద
అదే బొమ్మ గీస్తున్నాను.
ఒక గిన్నె, అందులో ఒక బంతి.
"బంతిగిన్నె కీలు ఎక్కడుంటుందిరా?"
"బుజంలో సార్, తుంటిలో సార్!"
రెంటికీ ఒకటే గిన్నె.
ఎవడూ అడగలేదు, నేనూ అనుకోలేదు.

కార్వేటినగరం మలుపులో
మామిడికాయల ట్రాక్టర్ జార్చిపోయిన తడి గోనెపట్టా మీద
నా బండి పక్కకు పడుకున్న పొద్దున
బంతి బయటికొచ్చేసింది.
ఎవరో అరుస్తున్నారు.
కాసేపటికి తెలిసింది, నేనేనని.

ఎముక అంటే చాలు
ఈ జిల్లాలో ఆటోలు వాటంతటవే పుత్తూరు తిరుగుతాయి.

రేకుల షెడ్డు. బల్ల కింద కోడిగుడ్ల అట్టలు,
పాత చీరల పీలికలు, చెక్కిన వెదురు బద్దలు,
పసరు వాసన.
తిరుత్తణి నుంచి వచ్చినాయన
కాలు చాపుకొని తమిళంలో మూలుగుతున్నాడు.

దేశమ్మ నా పేరడగలేదు.
"ఏం పని సామీ?"
"అయ్యవారిని. సైన్సు."
"అట్లయితే అంతా తెలిసే ఉంటాది" అంటా
నా మోచేతిని తలుపు మూసినంత మెల్లగా మడిచింది.
మడతబందు, అన్నాను పళ్ల మధ్య నుంచి.
అలవాటు.
"మీ ఇస్కూల్లో మద్దేన్నం గుడ్డు పెడతారా?"
"వారానికి..."
ఎన్నో చెప్పేలోపే
లోపలెక్కడో సత్తు డబ్బాకు మూత పడింది.

చెమట తుడుచుకుంటూ
నా గిన్నె గురించీ బంతి గురించీ చెప్పాను,
ఫీజు కంటే ముందు పాఠం చెల్లించినట్టు.
ఆమె నవ్వింది.
"గిన్నె యాడుండాది సామీ బుజానికి?
టీ పోసుకునే సాసరు అది.
లోతుంటే చెయ్యి అంత పైకి లేస్తాదా?
తుంటికైతే గిన్నె. అందుకే కాలు
ఊరికే జారిపోదు, ఊరికే లేవదు."

సొన పూసింది. బద్దలు పెట్టింది.
ముడి దగ్గర ఆగిపోయింది.
ఆమె వేళ్ల కణుపులు అల్లంకొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి,
మడవడం లేదు.
"రేయ్ చెంగల్రాయా" అంటే
మనవడొచ్చి బిగించాడు.

అవే వేళ్లు కడుక్కుని
మూల చాపమీది పసిబిడ్డ నెత్తిన ఆముదం అద్దింది.
మాడు కొట్టుకుంటోంది,
నీళ్లలో కప్ప గొంతులాగా.
పుర్రెవి కదలని కీళ్లు అని
నేను పిల్లలచేత ఎన్నిసార్లు రాయించానో.
"దీనికి మాత్రం కట్టు కట్టే పన్లేదు,
అదే మూసుకుంటాది" అనింది
ఎవరితోనో, నాతో కాదు.

సోమవారం ఎడమచేత్తో గీశాను.
బంతి కోడిగుడ్డులా వచ్చింది,
దాని కింద ఒక పల్చటి సాసరు.
"సార్, గిన్నె ఏది సార్?"
వెనక బెంచీ.
"తుంటిలో ఉంది. ఇది భుజం.
ఎందుకు లోతు లేదో ఎవరు చెబుతారు?"

తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ
నలభై చేతులు ఒక్కసారి లేచాయి,
చెవులు దాటి, తలలు దాటి.
నాది కట్టులో ఉంది.