నాలుగు గంటల లెక్క

రామమూర్తినగర్లో, బేకరీ పై అంతస్తులో
ఆరు కుర్చీలు, ఆరు మెషిన్లు,
ఒక్కో కుర్చీకీ పలకంత టీవీ.
మంగళ, గురు, శని
మధ్యాహ్నం రెండు నుంచి ఆరు.
నా నెత్తురు నన్ను విడిచి
గొట్టాల వెంట తిరిగి తిరిగి ఇల్లు చేరేలోపు
కళ్లకి ఏదో ఒక పని కావాలి.

ఇక్కడ సీరియల్ బాగుందా అని ఎవరూ అడగరు.
ఎన్ని సిట్టింగులు వస్తుంది, అంటారు.

"దొంగల కథ సార్. ఎనిమిది భాగాలు, రెండు సిట్టింగులు.
ఆఖరి గంటలో బీపీ అదురుతాది,
జిన్సీ సిస్టరుకి ముందే చెప్పి పెట్టుకోండి"
అంటాడు రెండో కుర్చీ నన్నేసాబు.
హిందూపురం నుంచి వచ్చి ముప్పై ఏళ్లు ఆటో తోలినవాడు.
కార్లు తరుముకునే సీను మాత్రం ఆయనకి గిట్టదు:
"ఒక్క సిగ్నలూ పడదు, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఆగేదే లేదు,
ఏం ఊరు సార్ అది?"

ఐదో కుర్చీ లోహిత్ ఇరవై రెండేళ్లవాడు.
కొరియావాళ్లది ఒకటి చూడమన్నాడు, అందరం ఒకేసారి పెట్టుకున్నాం.
తెర మీద వాళ్లు గిన్నెలెత్తి
పులుసు గటగటా తాగుతుంటే
రోజుకి ముప్పావు లీటరు నీళ్ల మనుషులం
ఆరుగురం గుటకలు మింగాం.
"నీ కడుపు కాలా, వాన పడే సీన్లన్నా లేనిది చెప్పరా"
అని నాలుగో కుర్చీ మునిరత్నమ్మ తిట్టింది.
వాడు నవ్వాడు. సూది కదిలి మెషిను కుయ్యోమంది.

నేను చామరాజపేట ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి.
మొహాలు చూడను, కింద అక్షరాలు చూస్తాను.
హీరో మోకాళ్ల మీద పడి "క్షమించు" అని ఏడుస్తుంటే
కింద "క్షవరించు" అని పడింది.
ఆ సీరియల్ అక్కడే ఆపేశాను.
లోకమంతా మెచ్చుకున్నదట. మెచ్చుకోనీ.

మునిరత్నమ్మకి ఒక్కటే సీరియల్, మేడింటి మాలతి.
పదకొండొందల భాగాలు దాటింది, ఇంకా నడుస్తోంది.
అందులో ఏముందమ్మా అని ఒకరోజు వేళాకోళమాడాను.
ఆమె చెవిలోంచి వైరు తీసింది.
"పదకొండు దినాలు ఐసీయూలో పండుకోనుంటి నాయనా.
వచ్చి పెడితే, అదే మాలతి, అదే మెట్టు,
అదే కాఫీ ట్రే పట్టుకోని నిల్చోనుండాది.
నాకోసం అట్లా ఎవురు కాసుకోనుంటారు చెప్పు?
వారం చూడకపోయినా అలగకూడదు.
మంచి సీరియల్ అంటే అది."
వైరు మళ్లీ చెవిలో పెట్టుకుంది.

ఒక శనివారం నాలుగో కుర్చీ మీద
కొత్త దుప్పటి, కొత్త మనిషి.

ఎవరూ అడగలేదు.
ఇక్కడ అడగరు.
నన్నేసాబు టీవీ పెట్టుకోలేదు.
లోహిత్ ఫోను బోర్లా పెట్టి కిటికీ వైపు తిరిగాడు.
కింద బేకరీలో బన్నులు కాలుతున్న వాసన.
నేను రిమోటు తీసుకుని వెతికాను,
మేడింటి మాలతి, ఒకటో భాగం.
పేర్లు పడుతుండగానే రెండు తప్పులు. పోనీలే అనుకున్నాను.

నాలుగున్నరకి జిన్సీ సిస్టర్ బీపీ చూడ్డానికొచ్చి
నా తెర చూసి ఆగింది. జేబులోంచి
బరువు రాసే చీటీ తీసి ఇచ్చింది.
"మరిచేపోయాను. ఆ అమ్మ పొద్దుటి షిఫ్టుకి మారింది,
మధ్యాహ్నం మనవడిని బడి నుంచి తేవాలంట."

చీటీ వెనక వంకర టింకర అక్షరాలు:
'మొదుటి రెన్నూర్లు ఇడిసిపెట్టు. ఊరికే ఏడుపు.
ఆమీట బాగుంటాది.'

చెయ్యి అలవాటుగా పెన్ను మీదికి పోయింది.
దాన్ని జేబులోనే ఉండనిచ్చాను.

సిట్టింగుకి పది భాగాలు. పదకొండొందలంటే
నూటపది సిట్టింగులు. వారానికి మూడు.
ఎనిమిదిన్నర నెలలు.
ఈలోపు ఇంకో రెన్నూర్లు పుట్టుకొస్తాయి.
ఒక్కటీ ఇడిసిపెట్టను.

"ఎట్లుంది సార్?" అన్నాడు నన్నేసాబు.
"మెట్టు మీదే ఉంది" అన్నాను.